రివ్యూ కామెంట్లు మోడల్‌లో పెట్టాలా, పీడీఎఫ్ మీదే గీయాలా?

గుసెట్‌ప్లేటు (హైదరాబాద్)
మాది స్టీల్ డిటైలింగ్, అంటే ఇంజనీరు డిజైన్ చూసి ప్రతి ఉక్కు ముక్కకీ కొలతల డ్రాయింగులు తయారుచేయడం. అమెరికా జాబ్‌లు, టెక్లా సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్. ఇన్నాళ్లూ అప్రూవల్‌కి షీట్లు, అంటే డ్రాయింగులు, పంపేవాళ్లం. అవతలి ఇంజనీరు పీడీఎఫ్ మీద తప్పు చుట్టూ ఎర్ర క్లౌడ్ గీసి తిప్పి పంపేవాడు. ఇప్పుడొచ్చిన జాబ్‌లో క్లయింటు అప్రూవల్‌కి షీట్లు వద్దే వద్దన్నాడు, ఉక్కు కోసే షాపుకి మాత్రం షీట్లే. మోడల్‌లోనే చూస్తారట, కామెంట్లూ అక్కడే పెడతారట. పెట్టారు. 1,800 పీసుల మోడల్‌కి 163 వచ్చాయి. సగానికి పైగా "చెక్ దిస్" అని రెండే ముక్కలు. ఏది చెక్ చేయాలి స్వామీ? క్లిక్ చేసింది బీము మీద. బీముకి రెండు చివరలు, ఒక్కో చివర షియర్ ట్యాబ్ (అతికే ప్లేటు), బోల్టులు, కోప్ (కోసిన మూల).

ఈలోగా మా పిల్లలు కొన్ని కనెక్షన్లు డిలీట్ చేసి మళ్లీ వేశారు. ప్లేట్ల జీయూఐడీలు (ఒక్కో ముక్కకీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే గుర్తింపు నంబర్లు) మారిపోయి ఆ కామెంట్లు దేనికీ అంటుకోకుండా వేలాడుతున్నాయి. ఇప్పుడు "మా కామెంట్లకి జవాబేది?" అని మెయిల్. నా ఓటు పీడీఎఫ్‌కే. మీ ఆఫీసుల్లో ఎలా ఉంది?

డక్ట్_దోహా
అన్నా, "చెక్ దిస్" అని రాసేవాడు పీడీఎఫ్ ఇచ్చినా అదే రాస్తాడు. దానికి మోడల్‌ని తిడితే ఎలా?

నేను ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) కోఆర్డినేషన్‌లో ఉన్నా. డక్ట్ ఒకటి బీముకి తగిలిందనుకోండి. పీడీఎఫ్ రోజుల్లో మెకానికల్ ప్లాన్ మీద ఒకరు, సెక్షన్ మీద ఇంకొకరు, స్ట్రక్చర్ షీటు మీద మూడోవాళ్లు క్లౌడ్ గీసేవారు. గొడవ ఒక్కటే, జవాబులు మూడు, మూడూ మూడు రకాలు. ఇప్పుడు బీసీఎఫ్ అనే కామెంట్ల ఫైలులో ఒక్క ఇష్యూ తెరుస్తాం, అందరూ దాని కిందే కొట్టుకుంటారు.

తెలియనివాళ్లకి: బీసీఎఫ్‌ని 2009లో టెక్లా, సొలిబ్రి వాళ్లు మొదలుపెట్టారు, తర్వాత బిల్డింగ్‌స్మార్ట్ తీసుకుంది. ఉట్టి జిప్ ఫైలే. విప్పితే కామెంట్లు రాసిన ఎక్స్‌ఎంఎల్, కెమెరా ఎక్కడ నిలబడి ఎటు చూస్తోందో చెప్పే ఇంకో ఫైలు, ఒక స్క్రీన్‌షాట్. మోడల్ అందులో ఉండదు కాబట్టి మెయిల్‌లో కూడా పోతుంది. మీ ప్లేటు జీయూఐడీ మారినా కెమెరా ఆ చోటికే తీసుకెళ్తుంది కదా?

గుసెట్‌ప్లేటు
కెమెరా సంగతి నాకు చెప్పకు తమ్ముడూ. పోయినేడాది ఒక జాబ్‌లో ఆర్కిటెక్ట్ మోడల్ ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) ఒకచోట, మాది ఇంకోచోట. బీసీఎఫ్ తెరిస్తే కెమెరా భూమిలోపల నిలబడి చీకట్లోకి చూస్తోంది. స్క్రీన్‌షాట్ ముందేసుకుని బీముల్ని ఒక్కొక్కటే వెతికాం.

పసుపుమార్కర్ (విశాఖపట్నం)
డ్రాయింగ్ బోర్డు మీద మొదలుపెట్టినవాణ్ని, పాతికేళ్లకి పైగా చెకింగే నా పని. మీరిద్దరూ తప్పు దొరికాక దాన్ని ఎక్కడ రాయాలని కొట్టుకుంటున్నారు. దొరకని వాటి సంగతేంటి?

షీటు చెక్ చేసేటప్పుడు మేం సరిగ్గా ఉన్న ప్రతి డైమెన్షన్ మీదా పసుపు పూసేవాళ్లం. తప్పుంటే ఎరుపు. దిద్దాక మళ్లీ చూసే బ్యాక్‌చెక్‌కి ఇంకో రంగు, అది ఆఫీసుని బట్టి. షీటు పూర్తయ్యేసరికి పసుపూ ఎరుపూ లేని అంకె ఒక్కటి మిగిలినా కంటికి కొట్టేది. అంటే దాన్ని ఎవరూ చూడలేదన్నమాట.

మరి మోడల్‌లో? 1,800 పీసులు, 163 కామెంట్లు. మిగతావన్నీ చూసి బాగున్నాయని వదిలేశారా, లేక అసలు అటువైపే పోలేదా? ఏ సాఫ్ట్‌వేరైనా చెప్తుందా మీకు? నాకు రాత్రి నిద్ర పట్టనిది ఆ 163తో కాదు.

పైగా వ్యూయర్‌లో గుసెట్ (అతుకు ప్లేటు) నిగనిగలాడుతూ కనిపిస్తుంది, వెల్డ్ పావు అంగుళమో 5/16 అంగుళమో కనపడదు. ఎవరైనా ప్రాపర్టీస్ తెరిచి చూడాలి. తెరిచారని ఎవరు చెప్పొచ్చారు?

కొత్తమోడలర్
సార్, నార్వేలో రాండ్‌సెల్వా బ్రిడ్జి 634 మీటర్లు, డ్రాయింగులే లేకుండా మోడల్‌తోనే కట్టేశారు కదా. 2022లో పూర్తయింది. ఇంకా పసుపు రంగేంటి?

పసుపుమార్కర్ (విశాఖపట్నం)
బాబూ, వాళ్లు మోడల్‌ని చూశారు, మోడల్‌తోనే కట్టారు. గుసెట్‌ప్లేటు గారి జాబ్‌లో చూసేది మోడల్‌ని, షాపుకి పోయేది షీట్లు. వాళ్లు చూసింది ఒకటి, షాపువాడు కోసి వెల్డ్ చేసేది ఇంకొకటి.

డాలస్_ఇంజనీర్
నేను మీకు అవతలి పక్క మనిషిని, ఆ "చెక్ దిస్" బ్యాచ్‌లో ఒకదాన్ని. అలా రాయడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ నావిస్‌వర్క్స్ అనే మోడల్ వ్యూయర్‌లో రెడ్‌లైన్ గీసి, కెమెరా కొంచెం తిప్పగానే గీత మాయమైపోతుంటే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? అది ఆ వ్యూపాయింట్‌కే అంటుకుని ఉంటుంది మరి.

పసుపుమార్కర్ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. అయితే పేపరుంటే చూసినట్టేనని మాత్రం నేను నమ్మను. 1981 జులై 17, కాన్సస్ సిటీ హయత్ హోటల్. లాబీలో వేలాడే వాక్‌వేలు కూలి 114 మంది పోయారు. అసలు డిజైన్‌లో పైనుంచి ఒకే రాడ్డు రెండు వాక్‌వేలకీ దిగాలి. షాప్ డ్రాయింగుల్లో అది రెండు రాడ్లయింది. కింది వాక్‌వే పోయి పైదానికి వేలాడింది, పైదాని బీము కింద నట్టు మీద పడే భారం రెట్టింపైంది. ఆ షీట్ల మీద ఇంజనీరు స్టాంపు ఉంది.

డక్ట్_దోహా
అదే నేననేది మేడమ్. పసుపు పూయడం వేరు, లెక్క వేయడం వేరు. ఆ రాడ్డు మీదా ఎవరో ఒకరు పసుపు పూసే ఉండొచ్చు.

చూశారా లేదా అన్నది మోడల్‌లోనే రాయొచ్చు పెద్దాయనా. టెక్లాలో ప్రతి పీసుకీ యూడీఏ (మనమే చేర్చుకునే అదనపు వివరం) పెట్టుకోవచ్చు, దాన్ని బట్టి రంగు మార్చొచ్చు. చూసినవి పసుపు, కామెంటున్నవి ఎరుపు, చూడనివి బూడిద రంగు. మీ పద్ధతే, కాగితం లేదంతే.

డాలస్_ఇంజనీర్
రంగు మార్చాల్సింది ఎవరు? నేనే కదా! 1,800 పీసుల మీద ఒక్కోదానికీ "అప్రూవ్డ్" అని కొట్టమంటే మా ఆఫీసులో ఒప్పుకోరు. రేపు ఏదైనా తేడా వస్తే ప్రతి బోల్టునీ ఆవిడే పాస్ చేసిందని లాయరు నా పేరూ టైమూ చూపిస్తాడు. షీటు మీద స్టాంపు వేస్తే దాని కిందే నాలుగు లైన్ల షరతులుంటాయి. మోడల్‌లో క్లిక్‌కి షరతు ఎక్కడ రాసుకోవాలి?

పసుపుమార్కర్ (విశాఖపట్నం)
అమ్మా, ఇన్నాళ్లకి ఒకరు ఉన్నమాట చెప్పారు. అన్నీ అక్కర్లేదు. మొదటి సీక్వెన్సులో (ముందు నిలబెట్టే భాగంలో) మొమెంట్ కనెక్షన్లు (తిరగకుండా పట్టే అతుకులు), బ్రేసింగ్ (ఏటవాలు కడ్డీలు), ఇంకా మావాళ్లు మీ డిజైన్ నుంచి ఏమైనా మార్చి ఉంటే అవి. వాటికి మాత్రం రంగు వేయండి, వెల్డ్ ఉన్న షీట్లు పక్కన పెట్టుకుని. హయత్‌లో కొంప ముంచింది మార్చిన చోటే కదా.

డాలస్_ఇంజనీర్
మార్చినవి ఏవో మీరే జాబితా ఇస్తే చూస్తాను. మీరు చెప్పకుండా మారిస్తే మాత్రం ఏ రంగూ కాపాడదు.

గుసెట్‌ప్లేటు
సోమవారం కాల్‌లో ఇదే అడుగుతా. మార్చిన కనెక్షన్ల జాబితా మేమిస్తాం, వాటికి షీట్లు కూడా పంపుతాం, మిగతాది మోడల్‌లో. ఇక మీదట రివ్యూ నడుస్తున్నప్పుడు కనెక్షన్ డిలీట్ చేస్తే నన్నడిగి చేయమని మా పిల్లలకీ చెప్పా. దోహా తమ్ముడూ, ఆరిజిన్ విషయం మొదటి రోజే తేల్చుకోవాలి, అది నా తప్పే.

కొత్తమోడలర్
సార్, ఆ యూడీఏ నేను చేసి పెడతా. పేరు "అప్రూవ్డ్" అనే ఇవ్వనా?

పసుపుమార్కర్ (విశాఖపట్నం)
"సీన్" (చూశారు) అని పెట్టు నాయనా. "అప్రూవ్డ్" అని పెట్టావంటే మేడమ్ ఒక్క క్లిక్ కూడా చేయరు.