పీఎల్‌సీ ప్యానెల్ వైరింగ్ తగ్గించడానికి ఐఓ-లింక్‌కి మారొచ్చా?

అందరికీ నమస్కారం. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. లైన్‌లో ప్రతి సెన్సర్‌కీ, సోలనాయిడ్ వాల్వ్‌కీ (కరెంటుతో పనిచేసే వాల్వ్) విడివిడిగా వైర్లు పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంట్రోలర్) ఉన్న మెయిన్ ప్యానెల్ దాకా వస్తాయి. డక్ట్ మూత పడదు, వైర్ల కొసల మీది ఫెర్రూల్ నంబర్లు సగం చెరిగిపోయాయి. ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ (వస్తువు దగ్గరికొస్తే పసిగట్టేది) పోతే దాని టెర్మినల్ వెతకడమే పెద్ద పని.

మెషీన్ పక్కనే ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడని) ఐఓ-లింక్ మాస్టర్ (సెన్సర్ల సిగ్నళ్లన్నీ ఒకచోట చేర్చి పీఎల్‌సీకి పంపే పెట్టె) పెట్టి, సెన్సర్లన్నీ ఎం12 (గుండ్రటి స్క్రూ కనెక్టర్) కేబుళ్లతో దానికి కలిపి, అక్కణ్ణుంచి పీఎల్‌సీకి ఒక్క ప్రొఫీనెట్ (ఇండస్ట్రియల్ ఈథర్‌నెట్) కేబుల్, ప్యానెల్ నుంచి 24 వోల్టుల సప్లై లాగుదామని ఆలోచన. ఐఓ-లింక్‌కి షీల్డ్ లేని మామూలు కేబులే చాలు, 20 మీటర్ల దాకా పనిచేస్తుంది. మా ఓనరు గారేమో "నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకయ్యా" అంటారు. లైన్ ఆగితే మాత్రం ఫోన్ నాకే!

పాత పీఎన్‌పీ సెన్సర్లు (ప్లస్ సిగ్నల్ ఇచ్చేవి) ఆ పోర్టుల్లోనే మామూలు డిజిటల్ ఇన్‌పుట్‌గా నడుస్తాయి కదా, మరి మధ్యమధ్యలో ఉన్న ఎన్‌పీఎన్ (మైనస్ వైపు కలిపే) వాటిని మార్చేయాల్సిందేనా? ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే వాల్వుల సప్లై ఒక్కటే పోవాలి, సెన్సర్లు బతికుండాలి. దీనికి క్లాస్ బీ పోర్టు (వాల్వుల్లాంటి వాటికి విడి సప్లై ఉండే పోర్టు) తీసుకోవాలా, వాల్వ్ బ్యాంక్‌కి (వాల్వులన్నీ ఉన్న బ్లాక్) వేరే సప్లై ఇవ్వాలా? వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) మోటార్ కేబుళ్లున్న ట్రేలోనే ప్రొఫీనెట్ వేస్తే ఇబ్బందా?

చేసినవాళ్లుంటే చెప్పండి. రాణిగంజ్‌లో ఎం12 కేబుళ్లు విడిగా దొరుకుతాయా?