లింకన్‌లో రాజే బందీ అయినా మటిల్డాకు పట్టాభిషేకం ఎందుకు జరగలేదు?

ప్రశ్న:
1141 ఫిబ్రవరి 2న లింకన్ పట్టణం దగ్గర ఇంగ్లండ్ రాజు స్టీఫెన్ ఓడి పట్టుబడ్డాడు, బ్రిస్టల్ కోటలో ఖైదయ్యాడు. అయినా అంతకుముందు రాజు మొదటి హెన్రీ కూతురు మటిల్డా సింహాసనం ఎక్కలేకపోయింది. ఆడమనిషి కావడమే కారణమని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకది చాలదు. ఆ ఏడాది అసలు ఎక్కడ బెడిసికొట్టింది?

జవాబు 1:
ముందు 1135 చూడండి. ఆ రోజుల్లో తండ్రి పోగానే వారసులు రాజైపోరు, అభిషేకం జరిగాకే రాజు. హెన్రీ డిసెంబర్ 1న సముద్రానికి అవతల, ఫ్రాన్స్ తీరాన తన ఏలుబడిలోని నార్మండీలో పోయాడు. మటిల్డాకు మద్దతిస్తామని 1127లో సామంతులంతా ప్రమాణం చేశారు, వాళ్లలో హెన్రీ మేనల్లుడు స్టీఫెన్ కూడా ఉన్నాడు. కానీ కబురందగానే సముద్రం దాటి ముందుగా లండన్‌ను, తర్వాత వించెస్టర్‌లోని ఖజానాను దక్కించుకున్నాడు. వించెస్టర్ బిషప్ హెన్రీ అతని సొంత తమ్ముడే. డిసెంబర్ 22న లండన్ పక్కనే ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరీటం. మూడు వారాల్లో పని ముగిసింది.

1141లో మటిల్డా చేతికి వించెస్టర్ ఖజానా మార్చిలోనే వచ్చింది. పోప్ ప్రతినిధిగా ఉన్న అదే బిషప్ ఏప్రిల్‌లో సభ పెట్టి ఆమెను ‘ఆంగ్లేయుల ఏలికసాని’ అని ప్రకటించాడు. ఇక మిగిలింది లండన్.

జవాబు 2:
అక్కడే చెడింది. స్టీఫెన్ భార్య పేరు కూడా మటిల్డాయే, ఆమె సముద్రానికి అవతల ఫ్లాండర్స్ పక్కనున్న బులోన్ వారసురాలు. ఫ్లాండర్స్‌తో సరుకులు నడిపే లండన్ వర్తకులకు ఆ తీరంతో పేచీ పెట్టుకోవడం ఇష్టం లేదు. ఆ రాణి కిరాయి సేనాని ఈప్రెస్ విలియం దండుతో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డును తగలబెట్టిస్తుంటే, ఇవతల మన మటిల్డా ఊరివాళ్లను భారీగా సొమ్ము కట్టమంది. పన్ను తగ్గించమని వేడుకుంటే కసిరి పంపింది. జూన్ 24న గంటలు మోగాయి, జనం ఆయుధాలతో వీధుల్లోకొచ్చారు. ఆమె ఆక్స్‌ఫర్డ్‌కు పారిపోయింది. తండ్రి అంతకంటే కటువుగా ఏలాడు, కాబట్టి ఆడమనిషన్న సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం: అతనిలో దర్పం అనిపించుకున్నది ఆమెలో పొగరు అనిపించుకుంది.

జవాబు 3:
లండన్ పోయినా ఆశ మిగిలే ఉంది. దాన్ని తుడిచేసింది వించెస్టర్. బిషప్ మళ్లీ తన అన్న స్టీఫెన్ పక్షం చేరడంతో మటిల్డా అతని కోటను ముట్టడించింది. వెనక నుంచి రాణి సేన వచ్చి ముట్టడించినవాళ్లనే చుట్టేసి, తిండి రాకుండా దారులు మూసింది. సెప్టెంబర్ 14న వెనక్కి తగ్గుతూ, మటిల్డా తప్పించుకునేందుకు వ్యవధి ఇవ్వబోయి, గ్లోస్టర్ ప్రభువు రాబర్ట్ స్టాక్‌బ్రిడ్జ్ దగ్గర ఏరు దాటేచోట పట్టుబడ్డాడు. అతను ఆమెకు సవతి అన్న, సేనాపతి కూడా.

ప్రశ్నించినవారు:
రాబర్ట్‌ను వదులుకుని స్టీఫెన్‌ను అలాగే ఉంచుకుంటే?

జవాబు 3:
కుదరదు. పడమటి కోటలూ మనుషులూ రాబర్ట్‌వే, అతను లేకపోతే ఆమెకు సైన్యమే లేదు. పైగా అభిషేకమైన రాజు ఖైదులో ఉన్నా రాజే. నవంబర్‌లో ఇద్దరినీ మార్చుకున్నారు, క్రిస్మస్‌కు స్టీఫెన్ కాంటర్‌బరీలో మళ్లీ కిరీటం ధరించాడు. 1147లో రాబర్ట్ పోయాడు, మరుసటి ఏడు ఆమె నార్మండీ వెళ్లిపోయింది. ఆమె హక్కు కొడుకు హెన్రీకి దక్కింది: 1153 ఒప్పందంలో స్టీఫెన్ అతన్ని వారసుడిగా ఒప్పుకున్నాడు, 1154 డిసెంబర్ 19న పట్టాభిషేకం జరిగింది.