నెబ్రాస్కాలో ఐ-80 హైవే పక్కన చిన్న ఊళ్లో ఆర్‌వీతో ఆగొచ్చా? పెద్దవాళ్లు ఉన్నారు

నేపర్‌విల్ కోడలు:
అందరికీ నమస్తే. జూన్ చివర్లో చికాగో వైపు నుంచి డెన్వర్, అక్కణ్నుంచి ఎస్టెస్ పార్క్ వెళ్తున్నాం, అద్దె ఆర్‌వీలో, అంటే మంచాలు, వంటగది, టాయిలెట్ లోపలే ఉండే బండిలో. 28 అడుగుల క్లాస్ సి బండి, అంటే ట్రక్కు ముందుభాగం మీద కట్టే రకం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామగారు. మా ఆయనేమో ఎక్కడో ఒక ట్రక్ స్టాపులో కాసేపు కునుకు తీసి ఒకే ఊపులో కొట్టేద్దాం అంటారు. పెద్దవాళ్లతో ఆ పని నాకు ఇష్టం లేదు. మ్యాప్ చూస్తే రెండో రాత్రికి గోథెన్‌బర్గ్ సరిగ్గా కుదురుతోంది, ఎగ్జిట్ 211, అక్కణ్నుంచి డెన్వర్ మూడొందల మైళ్లకి అటూ ఇటూ. చిన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న. అలాంటి చోట క్యాంప్‌గ్రౌండ్‌లు ఎలా ఉంటాయి? అత్తయ్యగారు బయట తిండి తినరు కాబట్టి వంట తప్పదు, కరెంటు సరిపోతుందా? ఇంకోటి, జూన్‌లో అక్కడ టోర్నడోలు అంటున్నారు, నిజం చెప్పాలంటే నా అసలు టెన్షన్ అదే.

లింకన్ పాతకాపు:
నిశ్చింతగా ఆగండి. ఈ దారిలో ట్రక్ స్టాపు కంటే చిన్న ఊరే మేలు. ట్రక్ స్టాపులో రాత్రంతా పక్కన లారీల ఇంజిన్లు, ఫ్రిజ్ బళ్ల మోత, పెద్దవాళ్లకి కునుకు కూడా పట్టదు.

ఇక్కడ మూడు రకాల చోట్లు ఉంటాయి. ఎగ్జిట్ దగ్గరుండే ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లలో నీళ్లు, కరెంటు, మురుగు పైపు అన్నీ సైటు (బండి నిలిపే జాగా) దగ్గరే ఉంటాయి, బండి రివర్స్ చేసే పని లేకుండా ఇటు ఎక్కి అటు దిగే సైట్లూ ఉంటాయి. కొత్తగా నడిపేవాళ్లకి అవే మంచివి, బుక్ చేసేటప్పుడు పుల్-త్రూ కావాలని అడగండి. రెండోది ఊరి మునిసిపల్ పార్కు. చవక, చెట్లు బాగుంటాయి, చాలా చోట్ల కవర్లో డబ్బు పెట్టి డబ్బాలో వేయడమే, కాబట్టి కొంత చిల్లర నోట్లు ఉంచుకోండి. మురుగు పైపు మాత్రం ప్రతి సైటుకీ ఉండదు, ఎక్కడో ఒకచోట బండి ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఉంటుంది. మూడోది హైవే పక్కన చెరువుల దగ్గర స్టేట్ వాళ్ల చోట్లు, వాటికి పార్క్ పర్మిట్ వేరే తీసుకోవాలి. ఐ-80 కట్టేటప్పుడు గట్టు కోసం మట్టి తవ్వితే ఆ గోతుల్లో నీళ్లు ఊరి చెరువులయ్యాయి, పిల్లలకి చెప్పండి, సరదాగా ఉంటుంది.

ఇక రైళ్లు. యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ మెయిన్ లైను ప్లాట్ నది లోయ వెంట ఊళ్ల మధ్యలోంచే పోతుంది, పగలూ రాత్రీ గూడ్సు బళ్లే. గేటు దగ్గరికొస్తే రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూత, అది అక్కడి రూలు, అర్ధరాత్రి అయినా సరే (కొన్ని ఊళ్లు మినహాయింపు తెచ్చుకున్నాయనుకోండి). అందుకని సైటు ఎంచుకునేటప్పుడు రేటింగు చూడకండి, మ్యాపులో పట్టాలకీ గేటుకీ ఎంత దూరమో చూడండి. తెనాలి జంక్షన్ దగ్గర పెరిగినవాళ్లయితే మీ మామగారు హాయిగా నిద్రపోతారు, మేలుకునేది మీరే.

వంట సంగతి. అద్దె క్లాస్ సి అంటే సాధారణంగా 30 ఆంప్స్, అంటే మొత్తం 3,600 వాట్లు, అంతే. ఏసీ ఒక్కటే 1,500 దాకా లాగుతుంది, ఇండక్షన్ స్టవ్ ఫుల్‌లో పెడితే 1,800. ఈ రెండూ నడుస్తుండగా ఎవరైనా మైక్రోవేవ్ నొక్కారా, బ్రేకర్ టక్కున పడిపోతుంది. కాబట్టి నీళ్ల హీటరు, ఫ్రిజ్ గ్యాస్ మీద పెట్టండి, అన్నం కుక్కర్లో, కూర గ్యాస్ పొయ్యి మీద. పోపు మాత్రం లోపల వద్దు. ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగితే పక్క సైటు వాళ్లందరూ బయటికొస్తారు. బయట బల్ల మీద చిన్న పోర్టబుల్ స్టవ్ పెట్టుకుని అక్కడే పోపు వేయండి. గిన్నెలు తోమే ముందు పులుసు, నూనె, మెతుకులు టిష్యూతో తుడిచి చెత్తలో వేయండి, సింకు నీళ్ల ట్యాంకు మీరు అనుకున్న దాని కంటే త్వరగా నిండుతుంది, నూనె చేరితే జూన్ ఎండకి ఆ వాసన భరించలేరు. ఖాళీ చేసేటప్పుడు ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు ట్యాంకు. అప్పుడు రెండోదాని నీళ్లతో పైపు కడిగినట్టు అవుతుంది.

హోటల్ బ్యాచ్:
అద్దె, మైలుకింత అని చార్జీ, క్యాంప్‌గ్రౌండ్ డబ్బులు, గ్యాలనుకి తొమ్మిది పది మైళ్లు ఇస్తే గొప్ప. లెక్క వేసి చూడండి, మినీవ్యాన్ ప్లస్ మంచి హోటల్ చవక. పైగా నెబ్రాస్కాలో పక్క గాలి మామూలుగా ఉండదు. స్పీడ్ లిమిట్ 75 అని ఉంటుంది కానీ అంత ఎత్తు బండిని అరవై దాటించొద్దు, ఓవర్‌టేక్ చేసే ప్రతి లారీ మిమ్మల్ని ఒక ఊపు ఊపి పోతుంది.

నేపర్‌విల్ కోడలు:
అడ్వాన్స్ కట్టేశాం అన్నయ్యా, ఇప్పుడు లెక్కలు చెప్పకండి. పైగా అత్తయ్యగారికి దారిలో టాయిలెట్ వెతుక్కునే బాధ ఉండదు, నాకు అదే పెద్ద రిలీఫ్. టోర్నడో గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గాలివాన:
నేను చెప్తా. పదేళ్లుగా ఈ రాష్ట్రంలోనే ఉన్నాను. మే, జూన్‌లలో ఉరుముల వానలు ఎక్కువగా సాయంత్రం మొదలై రాత్రిలోకి సాగుతాయి. అందుకే నాలుగింటికల్లా సైటులో పడిపోయేలా ప్లాన్ చేసుకోండి, చీకట్లో కొత్త చోట పైపులు తగిలించే గొడవా తప్పుతుంది.

హెచ్చరికలు ఊరి పేరుతో కంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరుతో ఎక్కువ వస్తాయి. రేడియోలో 'డాసన్ కౌంటీ' అని మొత్తుకుంటుంటే అది మన గురించేనని బయటినుంచి వచ్చినవాళ్లకి తెలియదు. గోథెన్‌బర్గ్ డాసన్ కౌంటీలో ఉంది. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, ముఖ్యంగా మామగారిది ఇండియా ఫోన్ అయితే దాన్ని నమ్ముకోవద్దు. 'వాచ్' అంటే వచ్చే పరిస్థితి ఉందని, అప్పుడు షూస్ తొడుక్కుని, మందులూ పాస్‌పోర్టులూ ఒక సంచిలో పెట్టుకుని ఉంటే చాలు. 'వార్నింగ్' అంటే ఇక ఆలోచించేది లేదు, బండి దిగి పరుగే. ఎందుకంటే ఆర్‌వీ ఎంత పెద్దదైనా టోర్నడోలో అట్టపెట్టెతో సమానం. చెకిన్ అప్పుడే అడగండి, షెల్టర్ ఎక్కడ, రాత్రి తాళం వేస్తారా అని. చాలా చోట్ల సిమెంటు దిమ్మలతో కట్టిన స్నానాల గదులే షెల్టర్. అత్తయ్యగారు నెమ్మదిగా నడుస్తారంటే దానికి దగ్గర సైటు అడగండి, రైలు మోత కంటే ఇది ముఖ్యం. రోడ్డు మీద ఉండగా వస్తే ఫ్లైఓవర్ కింద మాత్రం ఆగొద్దు, అక్కడ గాలి ఇంకా ఉధృతంగా ఉంటుంది.

ఇంతా చెప్పాను కదా అని భయపడి మానుకోకండి, మామూలుగా జరిగేది గాలి, వడగళ్లు. రాత్రి పడుకునే ముందు బయటి పందిరి గుడ్డ మడిచేయండి. దాన్ని తెరిచి వదిలేసి గాలికి విరగ్గొట్టుకునేవాళ్లు ప్రతి వేసవిలో కనిపిస్తారు.

మొక్కజొన్న డాక్టర్:
మీ మామగారు రైతా? తెనాలి అంటే వరి కోతయ్యాక అదే మడిలో దుక్కి లేకుండా మొక్కజొన్న పెట్టే వైపు కదా. అయితే ఒక రాత్రి చాలదు, రెండు రాత్రులు ఉంచండి, మధ్య రోజు ఆయన చేతిలో పెట్టండి.

ఇక్కడ ఒక క్వార్టర్ అంటే 160 ఎకరాలు. మధ్యలో బోరు, దానికి తగిలించిన పావు మైలు పొడుగు పైపు చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు పెడుతుంది, సెంటర్ పివట్ అంటారు. ఒక్క పైపుకి సుమారు 130 ఎకరాలు తడుస్తుంది, నాలుగు మూలలూ ఎండే. విమానంలోంచి కనిపించే పచ్చటి గుండ్రాలు ఇవే. కనిపెట్టింది కొలరాడోలో ఫ్రాంక్ జైబాక్ అనే రైతు, 1952లో పేటెంట్ వచ్చింది, ఫ్యాక్టరీ పెట్టి ఊరూరా చేర్చింది నెబ్రాస్కా వాళ్లే. నీళ్లు ఓగలాలా అనే భూగర్భ జలం నుంచి. కాలువ మీద ఎప్పుడు వదులుతారా అని చూసే మనవాళ్లకి ఇది చూస్తే కాసేపు మాట రాదు, తర్వాత 'మరి బోర్లు ఎండిపోవా' అని అడుగుతారు, అది సరైన ప్రశ్నే. దక్షిణాన కాన్సస్, టెక్సాస్ వైపు చాలా కిందికి పోయింది, నెబ్రాస్కాలో పరిస్థితి మెరుగు.

జూన్ చివరికి చేను మోకాలి నుంచి నడుము ఎత్తు ఉంటుంది, కండెలు ఇంకా రావు. వచ్చినా అది పశువుల మేతకీ ఇథనాల్‌కీ వేసే రకం, కాల్చుకు తినేది కాదు, ముందే చెప్పండి, లేకపోతే పొత్తులేవీ అని వెతుకుతారు. చేలోకి దిగొద్దు, మందు కొట్టి ఉండొచ్చు, పైగా వేరేవాళ్ల భూమి. గట్టు మీద నిలబడి చూస్తుంటే పికప్‌లో పోయే రైతే ఆగి పలకరిస్తాడు. 'మా మామగారూ ఇండియాలో మొక్కజొన్న వేస్తారు' అనండి చాలు, ఎకరానికి ఎంత దిగుబడి అని వాళ్లిద్దరూ మొదలెడతారు, మీరు అనువాదం చేస్తూ కూర్చోవాలి.

పక్కనే తూర్పున కోజాడ్‌లో నూరో రేఖాంశం బోర్డు ఉంది. తూర్పు తడి నేల, పడమర మెట్ట అని పాతకాలం నుంచి చెప్పే గీత అదే. పిల్లలకి గోథెన్‌బర్గ్ పార్కులో పోనీ ఎక్స్‌ప్రెస్ దుంగల స్టేషన్ చూపించండి, 1860–61లో గుర్రాల మీద టపా మోసిన కాలం నాటిది. కూరగాయలకి లెక్సింగ్టన్, ఎగ్జిట్ 237. అక్కడ మెక్సికన్ జనం ఎక్కువ, కాబట్టి కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మకాయలు తాజాగా దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు ఇంటి నుంచే తెచ్చుకోండి. గాలి వాలుని బట్టి పశువుల్ని గుంపుగా మేపి బలిపించే ఫీడ్‌లాట్ వాసన వస్తుంది, దానికి మందు లేదు.

నేపర్‌విల్ కోడలు:
రెండు రాత్రులే ఫిక్స్ చేశాం. మామగారికి ఆ పివట్ సంగతి చదివి వినిపిస్తే అప్పుడే ఫోన్‌లో వీడియోలు చూస్తున్నారు. మా ఆయనకి కూడా ఏదైనా చెప్పండి, ఆయన ఇంకా ట్రక్ స్టాపు దగ్గరే ఉన్నారు.

లింకన్ పాతకాపు:
గంట కూడా లేని దూరంలో నార్త్ ప్లాట్‌లో బెయిలీ యార్డ్ ఉందని చెప్పండి, ప్రపంచంలోకెల్లా పెద్ద రైల్వే యార్డ్, పైనుంచి చూడ్డానికి టవర్ కూడా ఉంది. ఇంకో మాట, నార్త్ ప్లాట్‌కి పడమర వచ్చే సదర్లాండ్ దాటాక టైము మారుతుంది. వెళ్లేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు పోతుంది. ఆ గంట లెక్కలోకి తీసుకోకుండా తిరుగు ప్రయాణంలో సాయంత్రానికి చేరతాం అనుకుంటే క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు మూసేశాక వస్తారు, కాబట్టి ఆ రోజు డెన్వర్ నుంచి పొద్దున్నే బయల్దేరండి. పెట్రోలు కొట్టేటప్పుడు పసుపు హ్యాండిల్ ఈ-85 (ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోలు) ముట్టుకోవద్దు, బండి మూత మీద ఫ్లెక్స్ ఫ్యూయల్ అని రాసుంటే తప్ప.