సర్పంచి నామినేషన్: కుల పత్రం తల్లిగారి ఇంటిపేరుతో, ఓటు అత్తగారి ఇంటిపేరుతో. చెల్లుతుందా?

ఊరిబాట | 2025 నవంబరు 29

తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో మా మండలం మూడో విడతలో ఉంది. నామినేషన్లు డిసెంబరు 3 నుంచి 5 దాకా, పోలింగు 17న. ఊరి జనాభా 3,200. సర్పంచి సీటు బీసీ మహిళకు రిజర్వయింది. మా వదినను నిలబెడదామని ఇంట్లో అనుకున్నాం. నాలుగు అనుమానాలున్నాయి, తెలిసినవాళ్లు చెప్పండి.

వదిన తల్లిగారిల్లు వేరే మండలం. కుల పత్రం అక్కడి తహసీల్దారు ఇచ్చింది, అందులో తండ్రి ఇంటిపేరుంది. ఓటరు జాబితాలో మాత్రం మా ఇంటిపేరు. ఇది అడ్డం పడుతుందా?

ఇల్లు మా నాన్న పేరు మీద ఉంది. రెండేళ్ల ఇంటిపన్ను బాకీ.

వదినకు ముగ్గురు పిల్లలు. వాట్సాప్‌లో తిరుగుతున్న చేతిపుస్తకంలో ఇద్దరికి మించితే అనర్హులని ఉంది. ఈసారి తీసేశారని కొందరంటున్నారు.

ఇంకోటి, పోస్టర్లు. ప్రెస్సతను ఇప్పుడే ఆర్డరిస్తే తక్కువకు చేసిస్తానంటున్నాడు. కొట్టించేయమంటారా?

---

కచేరీమెట్లు

కులం సంగతి ముందు. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. కాబట్టి తండ్రి ఇంటిపేరుతో, తల్లిగారి మండలం నుంచి ఉన్న పత్రమే అసలైన పత్రం. అత్తగారి ఇంటిపేరుతో కొత్తది తీయించాలని మీసేవ చుట్టూ తిరిగి ఈ నాలుగు రోజులూ పోగొట్టుకోకండి. (పుట్టుకతో ఓసీ అయ్యుండి బీసీ ఇంటికి కోడలిగా వచ్చినావిడ మాత్రం బీసీ సీటుకు పనికిరాదు. ఏటా ఎవరో ఒకరు ఈ పొరపాటు చేస్తూనే ఉంటారు.)

ఇక పేరు తేడా. నామినేషన్ పత్రంలో ఓటరు జాబితాలో ఉన్న పేరే, ఉన్నట్టే రాయండి. కుల పత్రం జత చేసి, ఆ రెండు పేర్లూ ఒకరివేనని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించండి. దానికి పెళ్లి ధ్రువపత్రమో, తండ్రి పేరూ భర్త పేరూ రెండూ కనిపించే మరేదైనా కాగితమో తోడుంటే ఆర్వోకు (రిటర్నింగ్ అధికారికి) పని తేలిక. ఎదుటి పక్షంవాళ్లు స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) "ఈమె బీసీ కాదు" అని లేస్తారు, లేవనివ్వండి. తహసీల్దారు పత్రం చేతిలో ఉండగా ఆర్వో అక్కడ కూర్చుని కుల విచారణ చేయడు. పత్రం తప్పని నిరూపించాలంటే 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద కలెక్టరు దగ్గరికి పోవాల్సిందే.

మరో మాట. సెప్టెంబరులో ప్రకటించిన రిజర్వేషన్ల జాబితా చూసి చెబుతున్నారా, నవంబరుదా? బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో మీద అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చాక చాలా ఊళ్లలో సీట్లు మారాయి. మీ ఊరిది నోటిఫికేషన్ బోర్డు మీద మళ్లీ ఒకసారి చూసుకోండి.

ముగ్గురు పిల్లల నిబంధన ఈసారి లేదు, ఆర్డినెన్సుతో తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది ముందే, 2024 నవంబరులో పోయింది. మీ వాట్సాప్ పుస్తకం 2019 నాటిదై ఉంటుంది, దాన్ని పక్కన పడేయండి.

ఇంటిపన్ను: చట్టం చూసేది అభ్యర్థి స్వయంగా పంచాయతీకి బాకీ ఉన్నారా, బిల్లో నోటీసో ఇచ్చిన గడువు దాటిందా అని. ఇల్లు మామగారి పేరు మీదుంటే అది ఆమె బాకీ కాదని వాదించొచ్చు. వాదన ఎందుకు? రెండేళ్ల పన్ను రేపే కట్టి, రసీదు తీసుకుని, కార్యదర్శి చేత బాకీ లేదని రాయించుకోండి. నామినేషన్ల మూడు రోజులూ కార్యదర్శి మీకు దొరకడు.

---

గళ్లనోటుబుక్కు

ఖర్చు లెక్క ఎవరూ ఎత్తలేదు, అది చెబుతాను. గెలిచినవాళ్ల పదవి దాంతోనూ ఊడుతుంది.

జనాభా 5,000 లోపు కాబట్టి మీ సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి రూ. 1.5 లక్షలు. 5,000 దాటిన ఊళ్లలో రూ. 2.5 లక్షలు. వార్డు మెంబరుకైతే రూ. 30 వేలు, పెద్ద ఊళ్లలో రూ. 50 వేలు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం చెప్పే రోజు దాకా పెట్టిన ప్రతి పైసా ఇందులోకే వస్తుంది. ఎవరో అభిమానంతో ఆటోకు మైకు కట్టించి తిప్పితే దాని కిరాయి కూడా.

దీనికి ఆమె పేరు మీదే విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. రైతు భరోసా పడే ఖాతాయో, సంఘం లోను నడిచే ఖాతాయో వాడారనుకోండి, ఏది ఎన్నికల డబ్బో తర్వాత మీకే అర్థం కాదు. సోమవారం పొద్దున్నే బ్యాంకుకు పోండి. మండలంలో ఉన్న అభ్యర్థులంతా అదే వారం అక్కడే ఉంటారు. పాసుబుక్కు మొదటి పేజీ జిరాక్సు నామినేషన్‌తో పాటు పెట్టాలి.

నోటుబుక్కులో రోజుకో పేజీ. తేదీ, దేనికి, ఎవరికి, ఎంత, బిల్లు నంబరు. టీ, టిఫిను బిల్లులు కూడా దాచండి. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఈ లెక్క ఎంపీడీవో కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఓడినవాళ్లు కూడా ఇవ్వాలి. "ఓడిపోయాం కదా, ఇంకేం లెక్క" అని వదిలేస్తే మూడేళ్లు ఏ స్థానిక ఎన్నికకూ నిలబడనివ్వరు. గెలిచి ఇవ్వకపోతే ఉన్న పదవీ పోతుంది.

---

ఊరిబాట

ఇద్దరికీ ధన్యవాదాలు. రిజర్వేషన్ నవంబరు జాబితాదే, బోర్డు మీద చూసే రాశాను. డిపాజిట్ ఎంత? ప్రతిపాదించేవాళ్లు ఎవరుండాలి? మా ఊరి నామినేషన్లు పక్క ఊళ్లో తీసుకుంటారంటున్నారు, నిజమేనా?

---

కచేరీమెట్లు

నిజమే. కొన్ని ఊళ్లను కలిపి ఒక క్లస్టరు చేశారు. ఆ క్లస్టరు కేంద్రంలో కూర్చుని నామినేషన్లు తీసుకునే స్టేజ్-1 ఆర్వోకే ఇవ్వాలి. వేళలు పొద్దున 10:30 నుంచి సాయంత్రం 5 దాకా. అయిదింటికల్లా ఆవరణలో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి ఎంత రాత్రయినా తీసుకుంటారు. అయిదు దాటి అయిదు నిమిషాలకు గేటు దగ్గరికొస్తే మాత్రం అంతే.

డిపాజిట్ సర్పంచికి రూ. 2,000. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సగం, అంటే మీకు రూ. 1,000. వార్డుకు రూ. 500, ఆ వర్గాలకు రూ. 250. ఆర్వోకు నగదు కట్టి అక్కడే రసీదు తీసుకోండి. జనరల్ సీటులో పోటీ చేసే బీసీ అభ్యర్థికీ సగమే, కాకపోతే కుల పత్రం చూపించాలి.

సర్పంచి అభ్యర్థిని ప్రతిపాదించేవాళ్లు ఆ పంచాయతీలో ఎక్కడి ఓటరైనా పరవాలేదు. వార్డు మెంబరు దగ్గరే జనం పొరబడతారు. అభ్యర్థి ఓటు ఊళ్లో ఏ వార్డులో ఉన్నా సరే, ప్రతిపాదకుడి ఓటు మాత్రం పోటీ చేసే ఆ వార్డులోనే ఉండాలి. ఆరో వార్డుకు నామినేషన్ వేస్తూ అయిదో వార్డు చుట్టంతో సంతకం పెట్టిస్తే స్క్రూటినీలో ఎగిరిపోతుంది. వేలిముద్ర వేసే ముసలాయనను ప్రతిపాదకుడిగా పెట్టుకుంటే ఆయన్ను వెంట తీసుకుపోయి ఆర్వో ముందే వేయించండి.

వరుస నంబరు రాసేటప్పుడు జాగ్రత్త. ఫోనులో వెతికితే వచ్చేది అసెంబ్లీ జాబితా నంబరు, ఇక్కడ అది పనికిరాదు. పంచాయతీ ఓటరు జాబితా వేరేగా, వార్డుల వారీగా ఉంటుంది. వార్డు నంబరు, ఆ వార్డులో వరుస నంబరు రాయాలి. అభ్యర్థిదీ ప్రతిపాదకుడిదీ రెండూ పంచాయతీ ఆఫీసులో అంటించిన జాబితా చూసి రాయండి. చిన్న అచ్చుతప్పులుంటే ఆర్వో దిద్దించుకుంటాడు. సంతకమే లేకపోతే దిద్దేదేమీ ఉండదు.

ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు చెప్పే స్వీయ ప్రకటన పత్రం ఉంటుంది. దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. అందులో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. లేనిచోట "లేదు" అనో "వర్తించదు" అనో రాయాలి. గీత గీసి వదిలేస్తే ఒక్కో ఆర్వో ఒక్కోలా చూస్తాడు. భర్త పేరు మీదున్న భూమి, బంగారం, సంఘంలో తీసుకున్న అప్పు, అన్నీ రాయండి. రాసింది అబద్ధమని అక్కడికక్కడ నామినేషన్ తోసేయరు గానీ, గెలిచాక కోర్టులో అదే కాగితం తీస్తారు.

నా సలహా: 3న వేసేయండి. ఏదైనా కాగితం తక్కువైతే ఆర్వో చెక్‌లిస్టు మీద రాసిస్తాడు, తెచ్చివ్వడానికి రెండు రోజులుంటాయి. మంచిరోజు, తిథి చూసి 5న సాయంత్రం వేసేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

---

తలుపుచాటు

మధ్యలో నాదో ప్రశ్న. అంగన్‌వాడీ టీచరు వార్డుకు పోటీ చేయాలంటే? సెలవు పెడితే సరిపోతుందా?

---

కచేరీమెట్లు

సరిపోదమ్మా. అంగన్‌వాడీ కార్యకర్తగా ఉంటూ పోటీకి అర్హత లేదు. రాజీనామా చేయాలి, అది స్క్రూటినీ నాటికి ఆమోదం పొందాలి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు చాలదు, ఆమోదించినట్టు ఉత్తర్వు చేతిలో ఉండాలి. మూడో విడతైతే స్క్రూటినీ డిసెంబరు 6. మధ్యలో ఉన్న రోజులు లెక్కపెట్టుకుని, ఓడితే ఉద్యోగం తిరిగి రాదని కూడా గుర్తుపెట్టుకుని నిర్ణయించుకోండి.

---

గులాబీచీటీ

పోస్టర్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే కొట్టించొద్దు! పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎన్నికల సంఘం ఇచ్చిన జాబితాలో సర్పంచికి 30, వార్డుకు 20 గుర్తులున్నాయి. బరిలో మిగిలినవాళ్ల పేర్లను తెలుగు అక్షర క్రమంలో వరుసగా పెట్టి, జాబితాలోని గుర్తులు అదే వరుసలో ఇస్తూ పోతారు. మీరు కోరుకునేది ఉండదు. ఉంగరం వస్తుందనుకుని ఉంగరాలు పంచుతుంటే, పైపేరు అభ్యర్థి విత్‌డ్రా చేసుకోకపోవడంతో కత్తెర వచ్చిందనుకోండి, ఆ ఖర్చంతా ఎదుటివాడి ప్రచారానికే.

గుర్తు తెలిసేది 9న మధ్యాహ్నం 3 గంటలకు విత్‌డ్రా గడువు ముగిశాక. ప్రచారం 15న సాయంత్రం 5కు ఆగిపోవాలి, అంటే పోలింగు ముగియడానికి 44 గంటల ముందు. మీ చేతిలో ఉండేది ఆరు రోజులు. కాబట్టి ప్రెస్సతనితో ఫొటో, పేరు, మాటలు అన్నీ ఇప్పుడే సిద్ధం చేయించి గుర్తుండే చోటు ఖాళీగా ఉంచమనండి. 9న సాయంత్రం గుర్తు పెట్టించి, 10న పొద్దున తెచ్చుకోవచ్చు. కరపత్రం అడుగున ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు తప్పక ఉండాలి. అవి లేని కాగితం ఊళ్లో కనిపిస్తే కేసు అవుతుంది.

ఈ ఆరు రోజుల్లో సగం, ఓటు ఎలా వేయాలో చూపించడానికి పెట్టండి. మెషిన్లు కావు, బ్యాలెట్ పెట్టెలు. సర్పంచికి గులాబీ చీటీ, వార్డు మెంబరుకు తెల్ల చీటీ. రెండింటి మీదా చివర నోటా ఉంటుంది. స్వస్తిక్ ముద్ర గుర్తుకెదురుగా ఆ గడిలోనే పడాలి. రెండు గడుల మధ్య గీత మీద పడి ఎవరికి వేశారో తేలకపోతే ఓటు చెల్లదు. ముద్ర మానేసి వేలిముద్ర వేసినా చెల్లదు. ముసలివాళ్లు చేసేది ఎక్కువగా అదే. చీటీని ముందు నిలువుగా మడవాలి. అడ్డంగా మడిస్తే తడి సిరా కింద మరో గుర్తు మీద అంటుకుంటుంది. వార్డుల్లో అయిదారు ఓట్లతో గెలుపోటములు తేలిపోతాయి, చెల్లని ఓట్లు అంతకంటే ఎక్కువే పోతుంటాయి. సమానంగా వస్తే లాటరీయే.

---

ఊరిబాట

పోస్టరు ఆపేశాను. చివరిగా ఒక్కటి. ఒకవేళ స్క్రూటినీలో కొట్టేస్తే?

---

కచేరీమెట్లు

తిరస్కరణ మీద మాత్రమే అప్పీలు ఉంది. ఎదుటివాళ్ల నామినేషన్ ఆమోదించినందుకు మీరు అప్పీలు వేయలేరు. మీ విడతకు స్క్రూటినీ 6, అప్పీలు 7న ఆర్డీవో దగ్గర, 8న తీర్పు. 7 ఆదివారం, అయినా తీసుకుంటారు. ఎందుకు తిరస్కరించారో ఆర్వో రాసిన ఉత్తర్వు నకలు 6నే చేతిలోకి తీసుకోండి. అది లేకుండా ఆర్డీవో ఆఫీసుకు పోయి నోటిమాటగా చెబితే నడవదు. స్క్రూటినీకి వదినే స్వయంగా పోవాలి, కుల పత్రం అసలుతో. మరుదులు, బావలు అయిదుగురు పోయి గట్టిగా మాట్లాడినదానికంటే అభ్యర్థి ఒక్కరు కాగితంతో నిలబడింది మేలు.

ఇంకొకటుంది. 6కూ 9కీ మధ్య ఊళ్లో ఏకగ్రీవం మాటలు మొదలవుతాయి. మాట్లాడుకోండి, తప్పులేదు. పదవిని వేలం పెట్టడం మాత్రం నేరం. ఆ కూర్చున్న చోట విత్‌డ్రా ఫారం మీద వదినతో ముందే సంతకం పెట్టించి "పెద్దమనుషుల దగ్గరుంటుందిలే" అంటే ఒప్పుకోకండి. ఆ ఫారాన్ని రాతపూర్వకంగా అధికారమిచ్చిన ప్రతిపాదకుడు కూడా ఆర్వోకు ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. అందుకే ప్రతిపాదకుడిగా ఎవరితో సంతకం పెట్టిస్తున్నారో ఇంట్లో ఈ రాత్రే తేల్చుకోండి.