చంబల్ ఘరియాళ్ల అధ్యయనంలో స్వచ్ఛందంగా పనిచేయడం ఎలా?

వరంగల్‌లో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకు చెందిన జాతీయ చంబల్ అభయారణ్యంలో, అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్న ఘరియాళ్ల (పొడవాటి సన్నని మూతి ఉండే మొసళ్ల) అధ్యయనంలో పాలుపంచుకోవాలని ఉంది. అవి మార్చి, ఏప్రిల్ నెలల్లో నిటారైన ఇసుక ఒడ్డున గుంట తవ్వి గుడ్లు పెట్టడం మొదలుకొని, జూన్‌లో పిల్లల అరుపు విని తల్లి ఆ ఇసుకను తోడే వరకు, గూళ్ల గుర్తింపులో సాయపడగలను. అక్కడ పనిచేసినవారు దయచేసి చెప్పండి: అనుమతికి అటవీశాఖకు నేరుగా దరఖాస్తు చేయాలా, లేక ఏదైనా పరిశోధన బృందంతోనే వెళ్లాలా? మురైనా దగ్గరి దేవ్‌రీ పెంపక కేంద్రంలో విద్యార్థులను చేర్చుకుంటారా? హిందీ వచ్చు, ఎండకు వెనుకాడను. రుసుము కట్టించుకుని పడవలో తిప్పి పంపే కార్యక్రమాలు మాత్రం, అవి ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, నాకు అక్కర్లేదు.