రేచీకటి: ఆ చీకటి రాత్రిదా, కంటిదా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. ‘రేచీకటి’ని విడదీస్తే రే, చీకటి. అంటే రాత్రి చీకటి. రాత్రి చీకటిగా కాక ఇంకెలా ఉంటుంది? ఇందులోకి జబ్బు అన్న అర్థం ఎక్కణ్ణుంచి వచ్చి చేరింది? నాకు అంతుపట్టలేదు. తెలిసినవారు చెప్పండి.

తెలుగు మేష్టారు:
రే అంటే రేయి. రేరాజు, రేయింబవళ్ళు అన్నప్పుడు వినపడేది అదే. అసలు సంగతి చీకటి దగ్గర ఉంది. పాత తెలుగులో చీకు అంటే గుడ్డి. చీకటికీ ఈ చీకుకీ చుట్టరికం ఉంది. కాబట్టి ఇక్కడ చీకటి అంటే వెలుతురు లేకపోవడం కాదు, చూపు లేకపోవడం.

ఇరుగుపొరుగు భాషలు చూడండి. తమిళులు మాలైక్కణ్ అంటారు, సాయంత్రపు కన్ను. కన్నడిగులు ఇరుళుగణ్ణు అంటారు, రాత్రి కన్ను. హిందీ రతౌంధీలో, ఉర్దూ షబ్‌కోరీలో గుడ్డితనం పైకే కనపడుతుంది. మన మాటలో కన్నూ పైకి లేదు, గుడ్డీ పైకి లేదు. రెండూ చీకట్లోనే దాక్కున్నాయి!

ల్యాబ్ మనిషి:
మేష్టారూ, మీరు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. వెలుతురు తగిలితే ఆకారం మార్చుకునే అణువులతోనే నా పని. ఈ మాట కనపడ్డాక ఊరుకోలేకపోయాను.

ముందు వ్యాకరణం. ‘ఈ రాత్రి చీకటి’ అంటే ఆ చీకటి ఊరందరిదీ. ‘వాడికి రేచీకటి’ అంటే వాడొక్కడిది. జ్వరం, చెముడు, నత్తి లాగే ‘కి’ పెట్టి చీకటిని మనిషికి అంటగట్టాం. పక్కవాడు ఆ గుడ్డి వెలుతురులోనే గట్టు దిగి నడిచిపోతాడు, వీడికి కళ్ళు పొడుచుకున్నా కానరాదు. తేడా రాత్రిలో లేదు, మనిషిలో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక అణువులో ఉంది.

కంటి లోపల వెనకవైపు పరుచుకున్న పొర రెటీనా. అందులో వెలుతురు పట్టే కణాలు రెండు రకాలుంటాయి. పగటిపూట రంగులు చూపించే కోనులు 60 లక్షల దాకా, మసక వెలుతురులో అక్కరకొచ్చే దండాలు 12 కోట్ల దాకా. దండాల నిండా రొడాప్సిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. 348 అమైనో ఆమ్లాల గొలుసు అది. కణం లోపలి పొరలో ఏడుసార్లు అటూ ఇటూ దూరి, మధ్యలో చిన్న గది చేసుకుంటుంది. ఆ గదిలో, 296వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని రెటినాల్ అనే చిన్న అణువు ఉంటుంది. విటమిన్ ఎ నుంచి తయారయ్యేది ఇదే.

చీకట్లో ఈ రెటినాల్ తోక 11వ కార్బన్ దగ్గర వంగి ఉంటుంది. వెలుతురు కణం ఒక్కటి పట్టుకుంటే చాలు, ముడుచుకున్న మోకాలు చాపినట్టు తిన్నగా అయిపోతుంది. ఎంతసేపట్లో అంటారా? సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేసి, ఒక ముక్క తీసుకుని దాన్ని మళ్ళీ అయిదు చేస్తే, అందులో ఒక వంతు. వంగి ఉన్నంతసేపు ఆ గది సరిపోయింది, చాపుకున్నాక ఇరుకు. చుట్టూ ఉన్న ప్రొటీన్ ఒత్తిగిలక తప్పదు. అలా ఒత్తిగిలడమే ‘వెలుతురు పడింది’ అన్న కబురు. ఆ కబురు అందాక దండం చేసే పని ఇంకా వింత. చీకట్లో ఉన్నంతసేపూ దాంట్లోకి కరెంటు పారుతూనే ఉంటుంది, వెలుతురు పడితే తగ్గిపోతుంది. మనం చూడటం అంటే ఆ తగ్గుదలని మెదడు పట్టుకోవడమే.

మన ముక్కులో వాసనలు పట్టే గ్రాహకాలూ, ఎడ్రినలిన్‌ని గుర్తుపట్టే గ్రాహకమూ ఇదే ఏడు మెలికల కుటుంబం. వాటికి అణువు బయటినుంచి రావాలి. రొడాప్సిన్‌లో అణువు ముందే లోపల కూర్చుని వెలుతురు కోసం చూస్తుంటుంది.

1876లో ఫ్రాంజ్ బోల్ అనే జర్మన్ శాస్త్రవేత్త చీకట్లో ఉంచిన కప్ప రెటీనా తీసి చూస్తే ఎర్రగా ఉంది. చూస్తుండగానే వెలుతురుకి ఆ ఎరుపు వెలిసిపోయింది. బతికున్న కప్పని మళ్ళీ చీకట్లో పెడితే ఎరుపు తిరిగొచ్చేది. 1933లో జార్జ్ వాల్డ్ రెటీనాలో విటమిన్ ఎ ఉందని చూపించాడు, 1967లో నోబెల్ పంచుకున్నాడు. ఆవు కళ్ళ నుంచి తీసిన రొడాప్సిన్ స్ఫటికంతో దాని త్రిమితీయ ఆకారం 2000లో బయటపడింది, 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల వివరంతో (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). ఏడు మెలికలు, మధ్యలో వంగిన రెటినాల్, అన్నీ అక్కడ కనపడ్డాయి.

తిండిలో విటమిన్ ఎ లేకపోతే ప్రొటీన్ ఉన్నా గదిలో ఎవరూ ఉండరు. వెన్నెల కంట్లోకి వస్తుంది, పట్టుకునేవాళ్ళు లేరు. అందుకే రాత్రి గుడ్డితనం అని చెప్పే సంస్కృతపు మాట ‘నక్తాంధ్యం’ కన్నా రేచీకటి నాకు నచ్చుతుంది. ఆ మనిషి అంధుడు కాదు. పగలు మనలాగే చూస్తాడు. రాత్రి వెలుతురు మాత్రమే అతని లెక్కలో చీకటి అవుతోంది.

సిద్దిపేట పిల్ల:
అన్నా, ఒక డౌట్. మ్యాట్నీకి పోతే హాల్లో అడుగు పెట్టంగనే ఏం కనపడదు కదా. సీటు కోసం అందరి కాళ్ళు తొక్కుకుంటూ పోతాం. కాసేపటికి అదే హాల్లో పాప్‌కార్న్ కింద పడ్డా కనపడతది. అది కూడా చిన్నపాటి రేచీకటే అనొచ్చా?

ల్యాబ్ మనిషి:
అనొచ్చమ్మా, నేనైతే అంటాను. ఎండలోంచి వస్తున్నావు కాబట్టి నీ దండాల్లో రొడాప్సిన్ చాలావరకు వెలిసిపోయి ఉంటుంది. బోల్ చూసిన కప్ప కన్నే నీదీ. చాపుకున్న రెటినాల్ ప్రొటీన్‌ని వదిలేసి రెటీనా వెనకున్న నల్లటి పొరలోకి పోతుంది. అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైమ్ దాన్ని మళ్ళీ వంచుతుంది. వంగాక వెనక్కొచ్చి ఖాళీ గదిలో చేరాలి. పది నిమిషాల్లోపు కోనులు తేరుకుంటాయి, ఆ తర్వాతే దండాల వంతు. పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట పైనే. ‘కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి’ అని ఊరికే అనేస్తాం కానీ ఆ అరగంటా కంట్లో కోట్ల అణువులు వంగి వచ్చి కూర్చుంటున్నాయి.

పుట్టుకతోనే ఆ ఎంజైమ్ సరిగ్గా లేని పిల్లలుంటారు. వాళ్ళకి ఎన్ని ఆకుకూరలు పెట్టినా లాభం లేదు, ముడిసరుకు ఉన్నా వంచేవాడు లేడు. ఆ జన్యువుని కంట్లోకి ఎక్కించే చికిత్సకి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది.

ఇంకొకటి, రేపు సాయంత్రమే చూడొచ్చు. పొద్దు గుంకేటప్పుడు పెరట్లో ఎర్ర మందారం చెట్టు ముందు నిలబడు. ముందు పువ్వు నల్లబడుతుంది, ఆకు ఇంకా తేటగానే కనపడుతుంది. పగలు దీనికి తలకిందులు. రొడాప్సిన్‌కి బాగా అందేది 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలిపచ్చ వెలుతురు. ఎరుపు దాని కంటికి ఆనదు.

పాత పుస్తకాలు:
సుశ్రుతుడు నక్తాంధ్యానికి మేక కార్జం తినమన్నాడు. అంటే విటమిన్ ఎ సంగతి మనవాళ్ళకి ఎప్పుడో తెలిసినట్టే కదా ల్యాబ్ గారూ?

ల్యాబ్ మనిషి:
మందు తెలుసు, కారణం తెలియదు. రెండూ ఒకటి కాదు కదండీ. ఈజిప్టు వాళ్ళూ కార్జమే వాడారు. జంతువు శరీరం విటమిన్ ఎ దాచుకునేది అక్కడే, కాబట్టి ఎవరు ప్రయత్నించినా ఫలితం కనపడింది. గమనించి పట్టుకున్నందుకు దణ్ణం పెడదాం. పూర్వీకులకి రెటినాల్ ఫార్ములా తెలుసని ఎగరక్కర్లేదు.

మనవైపు చెప్పే పొన్నగంటికూర, మునగాకు, తోటకూరలకీ అర్థం ఉంది. ఆకుల్లో ఉన్న బీటా కెరోటిన్‌ని సరిగ్గా నడుమకి తుంచితే రెండు రెటినాల్‌లు వస్తాయి. మన పేగుల్లో ఆ పని చేసే ఎంజైమ్ ఉంది. ఇందులో హైదరాబాదు వాటా కూడా చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగానే 1970లో దేశమంతటా చిన్నపిల్లలకి ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ పోసే పథకం మొదలైంది. స్పూనుతో పోసే ఆ పసుపురంగు మందు మనలో చాలామంది తాగినవాళ్ళమే.

తెలుగు మేష్టారు:
అందుకే కాబోలు ‘రేచీకటి అల్లుడి’ కథ ఇప్పటి పిల్లలకి చెబితే వివరించి చెప్పాల్సొస్తోంది. అత్తారింట్లో పరువు పోతుందని రాత్రి కనపడదని చెప్పకుండా తంటాలు పడే అల్లుడు. మా చిన్నప్పుడు రేచీకటి అనగానే నవ్వేవాళ్ళం, అందరికీ ఎవరో ఒకరు తెలిసి ఉండేవారు. జబ్బు తగ్గాక కథా పలచబడింది.

గోదారి గట్టు:
అడిగింది ఒక మాట గురించి, దొరికింది ఇంత! ఒక సొంత సంగతి. మా మేనమామకి చిన్నప్పటి నుంచీ రేచీకటి ఉంది. మునగాకు, కార్జం, చుక్కలు, అన్నీ అయ్యాయి, గుణం లేదు. వాళ్ళమ్మానాన్నలది మేనరికం. ఇది వేరే రకమా?

ల్యాబ్ మనిషి:
నేను డాక్టర్ని కాదండీ. కానీ మీరు చెప్పింది వింటే విటమిన్ వ్యవహారంలా లేదు. జన్యువుల వల్ల దండాలే ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బులు కొన్ని ఉన్నాయి, రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. రొడాప్సిన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారినా వచ్చే రకం ఉంది. దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళలో, తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఒకే లోపం దాగి ఉండి, రెండూ బిడ్డకి వస్తే బయటపడే రకాలూ ఉన్నాయి. తెలుగులో వీటన్నిటికీ రేచీకటే పేరు, పైకి కనపడే లక్షణం ఒకటే కాబట్టి. ఇక్కడ మాత్రం మన మాట కొంచెం మోసం చేస్తుంది. ఒకే పేరు వినేసరికి ఒకే మందు వెతుకుతాం.

నా రంగంవాళ్ళు తిరుగుతున్నది ఈ చుట్టుపక్కలే. అజోబెంజీన్ అని రంగుల పరిశ్రమకి తెలిసిన అణువు ఉంది. అతినీల కిరణాలు పడితే వంగుతుంది, నీలి వెలుతురులో మళ్ళీ చాపుకుంటుంది. దానికి తగిన తోకలు అతికించి, దండాలూ కోనులూ పోయిన ఎలుకల కళ్ళలో వేస్తే, మిగిలిన నాడీకణాలు వెలుతురుకి స్పందించాయని 2012లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు చూపించారు. 2021లో ఇంకో దారిలో, నాచు జాతి ప్రొటీన్ జన్యువుని కంట్లోకి పంపితే, ఏళ్ళ తరబడి చూపు లేని ఒకాయన ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకుని బల్లమీద వస్తువు ఎక్కడుందో చెప్పగలిగాడు. చదవడం, మొహాలు గుర్తుపట్టడం దాకా ఇంకా రాలేదు.

మీ మామయ్యగారిని ఒకటి అడగండి. పగలు కూడా పక్కనున్నవి తప్పిపోతున్నాయా, గుమ్మం పక్కన బిందెకో స్టూలుకో కాలు తగులుతోందా అని. అవునంటే ఆకుకూరల మాట పక్కనపెట్టి, రెటీనా చూసే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి. మేనరికం సంగతి అక్కడ తప్పకుండా చెప్పండి, జన్యు పరీక్ష చేయించాలా లేదా అన్నది వాళ్ళు చూసుకుంటారు.