వడ్రంగి షెడ్డులో బల్లలన్నీ ఒకే ఎత్తా, పనికో ఎత్తా?

ఆటోనగర్ షెడ్డు (విజయవాడ):
ఆటోనగర్‌లో 12 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవున్న రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. ఈ నెలలోనే బల్లలు చేసుకోవాలి. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. నాతో పనిచేసే మేస్త్రి గారిది 5 అడుగుల 4. రంపం మిషన్ బల్ల 34 అంగుళాలు ఉంది కాబట్టి అన్నీ 34కే చేస్తే చోటు కలిసొస్తుందని నా ఉద్దేశం. బల్ల 30 దాటితే చిత్రిక (చెక్కను తోసి నున్నగా చేసే పనిముట్టు) పట్టలేనని మేస్త్రి గారు అంటున్నారు. వారం రోజులుగా ఇదే వాదన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భవానీపురం ఇంటీరియర్స్:
అన్నీ 34 చేయండి, ఆలోచించకండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8×4 షీటు దాదాపు 35 కిలోలు ఉంటుంది. అది రంపం దాటాక వెనకాల మోసే బల్ల లేకపోతే షీటు చివర కిందికి వంగి, బ్లేడు దగ్గర పైకి లేస్తుంది. అక్కడే షీటు వెనక్కి తన్నేది. బల్లలన్నీ ఒకే మట్టంలో ఉంటే ఏ బల్లనైనా లాక్కొచ్చి రంపం వెనక పెట్టుకోవచ్చు. మీ షెడ్డులో విడిగా ఇంకో బల్లకు చోటెక్కడిది? మా దగ్గర నలుగురు కుర్రాళ్లు ఒకే ఎత్తులో పనిచేస్తున్నారు, అలవాటైపోయింది.

లాలాపేట మేస్త్రి (గుంటూరు):
అలవాటైపోయింది అనే మాట నేను ఒప్పుకోను. ఒకరి షెడ్డులో 36 అంగుళాల బల్ల మీద 11 ఏళ్లు టేకు తలుపులకు చిత్రిక పట్టాను. అది తగ్గించమంటే ఓనరు గారు వినలేదు. ఇప్పుడు కుడి భుజం పైకెత్తితే పట్టేస్తుంది. చిత్రిక చేతులతో పట్టేది కాదు బాబూ, నడుముతో, కాళ్లతో తోసేది. బల్ల తక్కువ ఎత్తులో ఉంటే ఒంటి బరువు పనిముట్టు మీద పడుతుంది. ఎక్కువ ఎత్తులో ఉంటే బరువంతా భుజాలు మోస్తాయి. తిన్నగా నిలబడి చేతులు కిందికి వదిలేయండి. మణికట్టు ఎక్కడుందో అదే చిత్రిక బల్ల ఎత్తు, అంతకు మించి పోకూడదు. మీ మేస్త్రి గారు చెప్పింది నిజం.

బ్రాడీపేట ఫిజియో:
వడ్రంగం నాకు తెలియదు కానీ వడ్రంగుల నడుములు, భుజాలు రోజూ చూస్తుంటాను. నిలబడి చేసే పనికి మోచేతి ఎత్తు నుంచి లెక్క వేస్తారు. సన్నని పనికి మోచేతికి 2 నుంచి 4 అంగుళాల పైన. తేలికపాటి పనికి 4 నుంచి 6 అంగుళాల కింద. బలం పెట్టే పనికి 6 నుంచి 16 అంగుళాల కింద. 5 అడుగుల 4 అంగుళాల మనిషికి మోచేయి సుమారు 40 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే చిత్రికకు 24 నుంచి 34 దాకా. 34 అనేది ఆ మేస్త్రి గారికి ఆఖరి గీత. ఎత్తు పెంచితే భుజం, తగ్గిస్తే నడుము. పూట పూటంతా ఒకే పని చేయకుండా మధ్యలో మార్చుకోమని కూడా చెబుతాను.

కొండపల్లి దారి:
అసలు బల్లే ఎందుకు అని అడిగేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. బొమ్మలు చెక్కేవాళ్లు తెల్ల పొణికి కర్రతో నేల మీద కూర్చునే పనిచేస్తారు. అది తేలిక కర్ర, ముక్క చేతిలో ఇముడుతుంది. మా తాత తలుపు చెక్కను కూడా కాలి బొటనవేలితో అదిమి పట్టుకుని ఉలి వేసేవాడు. చిన్న ముక్కలకు ఇప్పటికీ నేలే మంచిదని నా నమ్మకం. మోకాళ్లు సహకరించినంత కాలం, అంతే.

పటమట చేతిపని:
అందరూ బల్ల ఎత్తు గురించే మాట్లాడుతున్నారు. కొలవాల్సింది చెయ్యి ఆగే ఎత్తు. ఫిజియో గారు 34 ఆఖరి గీత అన్నారు కదా, ఆ 34 మీద ఒకటిన్నర అంగుళం తలుపు చెక్క పెట్టండి, దాని మీద చిత్రిక పెట్టండి. చెయ్యి ఆగేది 38 దగ్గర. గీత ఎప్పుడో దాటిపోయింది. లాలాపేట మేస్త్రి గారి మణికట్టు కొలతలో ఈ అంగుళాలు ముందే కలిసి ఉన్నాయి, అందుకే అది పనిచేస్తుంది.

అదే బల్ల మీద 8 అంగుళాల సొరుగు నిలబెట్టి పై అంచు రౌటరుతో (అంచులు చెక్కే చేతి మిషన్) నున్నగా చేయాలంటే? అంచే 42 అవుతుంది, మేస్త్రి గారి మోచేతి కంటే పైన. 30 అంగుళాల కిచెన్ క్యాబినెట్ డబ్బా ఎక్కించి స్క్రూలు వేస్తే పై అంచు 64 అంగుళాలు, అంటే ఆయన నెత్తి మట్టం. నేను డబ్బాలు బిగించే బల్ల 18 అంగుళాలకే చేసుకున్నాను. చూసినవాళ్లు మంచం అనుకుంటారు. డబ్బా చుట్టూ తిరుగుతూ నిలబడే బిగిస్తాను, నడుము వంచే పని సగం తగ్గింది.

చెక్కల సన్నని జాయింట్ల సంగతి దీనికి తలకిందులు. రంపంతో గీత మీద కోయాలంటే కన్ను దగ్గరగా ఉండాలి. 32 అంగుళాల బల్ల మీద మెడ వంచి వంచి రెండేళ్లు బాధపడ్డాను. తర్వాత 6 అంగుళాల ఎత్తు గట్టి పీట ఒకటి చేసి, దాన్ని బల్లకు క్లాంపులతో బిగించడం మొదలుపెట్టాను. పని అయ్యాక తీసి గోడకు ఆనిస్తాను. చోటు లేనివాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. కాళ్ల కింద పలక వేసి నిలబడమని కొందరంటారు. వద్దు. రంపం తిరిగే చోట కాలు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

భవానీపురం ఇంటీరియర్స్:
డబ్బాల బల్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను, మావాళ్లు స్టూళ్లు ఎక్కి బిగిస్తున్నారు. కానీ రంపం వెనక బల్ల మాత్రం రంపం మట్టంలోనే ఉండాలి. 2, 3 మిల్లీమీటర్లు తక్కువైనా పర్వాలేదు, ఎక్కువైతే షీటు అంచు కొట్టుకుని ఆగిపోతుంది. ఇందులో మనిషి పొడుగు, పొట్టి చూడకండి.

ఆటోనగర్ షెడ్డు:
ఇవాళ టేపు పట్టుకుని కొలిచాం. మేస్త్రి గారి మణికట్టు 30న్నర, నాది 33. చిత్రిక పట్టేది ఆయనే కాబట్టి ఆ బల్ల ఆయన కొలతకే. రంపం వెనక బల్ల 34కి 3 మిల్లీమీటర్లు తక్కువ. డబ్బాలకు 18 అంగుళాల బల్ల, చక్రాలతో. జాయింట్లకు పీట. ఒక సందేహం మిగిలింది: ఆయన లేని రోజు నేను 30న్నర మీద చిత్రిక పట్టాల్సి వస్తే?

లాలాపేట మేస్త్రి:
కాళ్లు పొడవుగానే చేసి బల్ల నిలబెట్టండి. వారం పని చేశాక అర అంగుళం చొప్పున కోసుకుంటూ రండి. కోసిన కాలు మళ్లీ పెరగదు. మీరొక్కరే ఉన్న రోజు బల్ల కాళ్ల కింద రెండంగుళాల తుమ్మ దిమ్మెలు పెట్టుకోండి. దిమ్మెల్లో కాలు కూర్చునేలా గుంట తవ్వండి, లేకపోతే తోసినప్పుడు బల్ల పక్కకు జరుగుతుంది. ఇంకొకటి, 30న్నర కొలిచినప్పుడు ఆయన చెప్పులతో ఉన్నారా, ఉత్త కాళ్లతోనా? పనిలో ఎలా నిలబడతారో అలాగే మళ్లీ ఒకసారి కొలవండి.